కొలువు విడిచిపెట్టు వేళ

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గము, నానక్‌రామ్‌గూడ అను పల్లెలు ఉండెడివి. ముప్పది సంవత్సరముల క్రిందట అచ్చట పెద్ద పెద్ద బండరాళ్లును, వాని నడుమ చెలకలును తప్ప చెప్పుకొనదగిన కట్టడములు విశేషముగా లేవు. 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజపేయి గారు మాదాపూర్‌లో సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిరి. నాటినుండి ఆ ప్రాంతమునకు హైటెక్ సిటీ యను పేరు స్థిరపడినది. మైక్రోసాఫ్ట్ సంస్థ తన అభివృద్ధి కేంద్రమును ఆ 1998లోనే హైదరాబాదున నెలకొల్పినది. గూగుల్ 2004లో వచ్చినది. 2019 ఆగస్టులో అమెజాన్ సంస్థ నానక్‌రామ్‌గూడలో పదునైదువేలమంది పనిచేయుటకు వీలైన భవనమును తెరచినది. మెట్రో రైలు అదే సంవత్సరము మార్చిలో హైటెక్ సిటీవరకును, నవంబరులో రాయదుర్గమువరకును నడువసాగినది.

ఇంజనీర్లు మాత్రమే కాదు. కాల్ సెంటర్లలో ఫోను మాట్లాడువారు, కాపలాదారులు, క్యాబ్ డ్రైవర్లు, భవనములను శుభ్రపరచువారు, క్యాంటీన్లలో వంటచేయువారు — వీరిలో అనేకులు మన పల్లెలనుండి పోయినవారే. బిడ్డకు అచ్చట ఉద్యోగము దొరికిననాడు ఇంటిల్లిపాది సంతోషింతురు, వాడవాడకు మిఠాయి పంచుదురు. అయితే ఆ బిడ్డయే ఏడాది రెండేండ్లు గడచిన పిమ్మట “నేనిచట పనిచేయలేను, వేరుచోటు చూచుకొందును” అనిన, ఇంట ఏమి చెప్పవలెనో ఎవరికిని తోచదు. కొందరు ఓర్చుకొమ్మందురు. కొందరు నేడే వచ్చివేయుమందురు. ఈ రెండు సలహాలును తొందరపాటువే. చెడిన కొలువును విడిచిపెట్టుట తప్పు కాదు. కాని దానికొక క్రమము కలదు. ఆ క్రమమును వివరించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

కష్టమైన పని వేరు, చెడిన చోటు వేరు

పని యన్న తరువాత కష్టముండక తప్పదు. హైటెక్ సిటీలోని కంపెనీలలో అనేకము అమెరికా దేశపు ఖాతాదారుల కొరకు పనిచేయును. న్యూయార్కు నగరపు గడియారము మన గడియారముకంటె శీతకాలమున పదిన్నర గంటలును, వేసవిలో తొమ్మిదిన్నర గంటలును వెనుకబడి యుండును. వారికి పగలు మనకు రాత్రి. కావున రాత్రి పని, పండుగనాడు పని, గడువు ముంచుకువచ్చినపుడు అదనపు పని ఈ వృత్తిలో సహజము. వీనివలన మాత్రమే ఒక కార్యాలయమును చెడ్డదనరాదు.

చెడిన చోటునకు గుర్తులు వేరు. జీతము నెలనెలకు ఆలస్యమగుట. జీతమునుండి భవిష్యనిధికై కోసిన సొమ్ము నిధిలో జమకాకుండుట. చేయని పనిని చేసినట్లు లెక్క వ్రాయుమని పైవారు ఒత్తిడి చేయుట. నలుగురిలో తిట్టి అవమానించుట. సెలవు అడిగినవానిని శత్రువుగా చూచుట. ప్రశ్నించినవారు ఒక్కొక్కరుగా మాయమగుట — ఇట్టివి రెండు మూడు కలిసి కనిపించినచో ఆ చోట దోషమున్నదని గ్రహింపవలెను. నిద్రపట్టక, తిండి సహింపక, ఆదివారము సాయంకాలమగుసరికి గుండెదడ పుట్టుచున్నచో శరీరము కూడ సాక్ష్యము చెప్పుచున్నదన్నమాట. అట్టివారు 14416 అను టెలీ మానస్ నంబరునకు ఫోను చేసి మానసిక వైద్య సలహాను ఉచితముగా పొందవచ్చును. ఈ సేవ 2022 అక్టోబరులో ప్రారంభమైనది, తెలుగులోను మాట్లాడుదురు.

భవిష్యనిధి సంగతి ఎవరికివారే పరీక్షించుకొనవచ్చును. ప్రతి చందాదారునకు 2014నుండి ఒక శాశ్వతమైన సంఖ్య ఇయ్యబడుచున్నది. దానిని యు.ఏ.ఎన్. అందురు. ఎన్ని కొలువులు మారినను ఆ సంఖ్య మారదు. దాని సహాయమున ఉమంగ్ యాప్‌లో పాసుపుస్తకము తెరచి, ఏ నెలలో ఎంత జమయైనదో చూడవచ్చును. జీతపు చీటీలో కోత కనిపించి, పాసుపుస్తకమున జమ కనిపింపకున్నచో, పైకెంత మెరుగుగా ఉన్నను ఆ సంస్థ లోన పుచ్చిపోవుచున్నదని అనుమానింపవచ్చును.

పేరును చూచి మోసపోరాదు

కంపెనీ పేరు పెద్దదైనంత మాత్రమున లోపల అంతయు సవ్యముగా ఉండునని తలచుట పొరపాటు. ఈ పాఠమును హైదరాబాదు నగరము 2009లో నేర్చుకొనినది. 1987లో ఇచట స్థాపింపబడిన సత్యం కంప్యూటర్స్ తెలుగువారు గర్వముగా చెప్పుకొనిన సంస్థ. ఉత్తమమైన కంపెనీ పాలనకై 2008 సెప్టెంబరులో గోల్డెన్ పీకాక్ బహుమతిని కూడ అందుకొనినది. తరువాత నాలుగు మాసములకే, 2009 జనవరి 7వ తేదీన, దాని అధ్యక్షులు శ్రీ బి. రామలింగరాజు లెక్కలు అనేక సంవత్సరములుగా తప్పుగా చూపబడినవనియు, నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్ల రూపాయలు లేనేలేవనియు లేఖ వ్రాసిరి. సుమారు ఏబదివేలమంది ఉద్యోగుల భవిష్యత్తు ఒక్కపూటలో సందిగ్ధమున పడినది. కేంద్రప్రభుత్వము పాత డైరెక్టర్ల మండలిని తొలగించి కొత్తవారిని నియమించినది. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా సంస్థ దానిని తీసికొనుటకు ఎంపికయైనది. కంపెనీ మూతపడలేదు. కాని 2008 చివరనుండి ప్రపంచమంతటను ఆర్థికమాంద్యము నెలకొనియున్నందున, బయట కొత్త కొలువులు దొరకుట దుర్లభమైన కాలమది.

ఇట్టి ఒడుదుడుకులు అంతటితో ముగియలేదు. 2022 నవంబరులో మెటా సంస్థ 11,000 మందిని, 2023 జనవరిలో మైక్రోసాఫ్ట్ 10,000 మందిని, గూగుల్ 12,000 మందిని ప్రపంచవ్యాప్తముగా తొలగింపనున్నట్లు ప్రకటించినవి. కావున మంచి చోట ఉన్నవారు సైతము తమ పత్రములను, తమ విద్యను, కొంత నిల్వధనమును సిద్ధముగా ఉంచుకొనుట వివేకము.

విడిచిపోవుట హక్కు

ఒకప్పుడు ఇదే తెలంగాణములో భగేలా యను పద్ధతి ఉండెడిది. దొరయొద్ద తీసికొనిన అప్పునకు బదులుగా జీతగాడు ఏండ్లతరబడి, ఒక్కొక్కప్పుడు తన కొడుకుతోసహా, ఊడిగము చేయవలసివచ్చెడిది. పనివాడు తన ఇష్టమున చోటు మారుటకు వీలులేకుండెడిది. భారత రాజ్యాంగము 23వ అధికరణమున నిర్బంధ శ్రమను నిషేధించినది. 1976 నాటి చట్టము వెట్టిచాకిరిని రద్దుచేసి, దానికి మూలమైన అప్పులను కొట్టివేసినది. పనివాడు పనిని విడిచి పోగలుగుట స్వతంత్ర భారతమున లభించిన గొప్ప హక్కు. కూలివానికెట్లో ఇంజనీరునకును అట్లే.

అయితే కొన్ని కంపెనీలు ఉద్యోగమునందు చేర్చుకొనునపుడు రెండు మూడేండ్లు విడిచిపోరాదని బాండు వ్రాయించుకొనును. దానిని చూచి బెదరి, పోవుటకే వీలులేదని భావించువారు కలరు. బాండు మనిషిని కట్టివేయజాలదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 27వ సెక్షను ప్రకారము, ఒకడు కొలువు మానిన పిమ్మట న్యాయమైన వృత్తిని చేయకుండ అడ్డగించు ఒప్పందము చెల్లదు. కాని బాండు కేవలము చిత్తుకాగితమనియు తలచరాదు. ఒక బ్యాంకు ఉద్యోగి వ్యాజ్యమున 2025 మే నెలలో సుప్రీంకోర్టు, నిర్ణీతకాలము పనిచేయనిచో రెండు లక్షల రూపాయలు చెల్లించవలెనను షరతును సమర్థించినది. తాత్పర్యమేమనగా, గడువుకు ముందు పోవువాడు సమంజసమైన పరిహారమును ఇయ్యవలసిరావచ్చును. పోనేకూడదని మాత్రము ఎవరును అనజాలరు. కావున సంతకము చేయుటకు ముందే చదువవలెను, ప్రతిని దాచుకొనవలెను. అసలు సర్టిఫికెట్లను చూపి వెంటనే తిరిగి తీసికొనవలెనే కాని కంపెనీవద్ద తాకట్టు వలె ఉంచరాదు.

కొత్త చోటు కుదిరిన తరువాతనే రాజీనామా

అత్తమీది కోపము దుత్తమీద చూపినట్లు, పైయధికారిమీది కోపమున ఒక సాయంకాలము రాజీనామా వ్రాసి పారవేయువారున్నారు. మరుసటి నెల గది అద్దె, ఇంటికి పంపవలసిన డబ్బు, చదువుకై తెచ్చిన అప్పు వాయిదా వచ్చి ఎదుట నిలుచును. ప్రాణభయము, లైంగిక వేధింపు, ఆరోగ్యమునకు తీవ్రమైన హాని వంటివి ఉన్నచోట ఒక్కదినమైనను ఉండనవసరము లేదు. తక్కిన సందర్భములలో, పాతకొలువులో ఉండగనే కొత్తది వెదకుట మేలు.

వెదకుటకు వేళ కేటాయించుకొనవలెను. దినమునకు ఒక గంట చాలును. తాను చేసిన పనులను, నేర్చిన విద్యను రెండు పుటలలో నిజముగా వ్రాసికొనవలెను. పూర్వము కలిసి పనిచేసి వేరుచోట స్థిరపడిన స్నేహితులను అడుగవలెను. వారివలన ఆ చోటు లోపలి సంగతియు తెలియును. కేంద్రప్రభుత్వము 2015లో ప్రారంభించిన నేషనల్ కెరీర్ సర్వీసునందును, తెలంగాణ ప్రభుత్వపు డిజిటల్ ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజి యగు డీట్‌నందును రుసుము లేకుండ పేరు నమోదు చేసికొనవచ్చును. ఈ వెదకులాటకు కంపెనీ కంప్యూటరును, కంపెనీ ఈమెయిలును వాడరాదు.

పొరుగింటి పుల్లకూర రుచి యన్నట్లు, కొత్తచోటు దూరమునుండి చక్కగానే కనిపించును. జీతమెంతయని మాత్రమే అడిగి చేరినచో మరల అదే గోతిలో పడవచ్చును. ఇంటర్వ్యూనందు తానును ప్రశ్నలు వేయవలెను: ఈ స్థానము ఎందువలన ఖాళీయైనది? ఇంతకుముందు దీనిలో ఉన్నవారు ఎంతకాలము పనిచేసిరి? రాత్రిపని ఎన్ని దినములు? ఎవరి క్రింద పనిచేయవలెను? ఈ ప్రశ్నలకు సూటిగా జవాబీయని చోటును గురించి రెండుమారులు ఆలోచింపవలెను.

నోటిమాటను నమ్మి రాజీనామా చేయుట నమ్మి నానబోసిన పుచ్చి బుర్రలైనట్లుండును. జీతము, హోదా, చేరవలసిన తేదీ వ్రాసిన ఆఫరు లెటరు చేతికి వచ్చిన పిదపనే రాజీనామా ఇయ్యవలెను. ఈ రంగమున నోటీసు కాలము అరువది లేక తొంబది దినములుండుట సాధారణము. కొత్తవారు చెప్పిన తేదీకిని, పాతవారు విడిచిపెట్టు తేదీకిని పొత్తు కుదురునో లేదో ముందే చూచుకొనవలెను. నెలల ఖర్చునకు సరిపడు సొమ్ము చేత నుంచుకొనిన మరింత ధైర్యము.

ఈ విషయమున స్వదేశమున ఉన్నవారి స్థితియే మెరుగు. అమెరికాలో హెచ్-1బి వీసాపై పనిచేయు మన తెలుగువారు కొలువు మానినచో, 2017నుండి అమలులోనున్న నిబంధన ననుసరించి, మిక్కిలిగా అరువది దినములలోపల కొత్త యజమానిని చూచుకొనవలెను, లేదా మరొక వీసా మార్గము వెదకవలెను, లేదా దేశమును విడువవలెను.

ఆత్రపడువారికై పన్నిన వలలు

కొలువుకై ఆత్రపడువారి చుట్టు మోసగాండ్రు చేరుదురు. అమీర్‌పేట, మాదాపూర్ ప్రాంతములలో మంచి శిక్షణాలయములు, నమ్మదగిన కన్సల్టెన్సీలు ఎన్నియో కలవు. వానిమధ్య బోర్డుకట్టి డబ్బు వసూలుచేసి రాత్రికి రాత్రి తాళము వేసి పోవువారును కలరు. ఇంటర్వ్యూ లేకుండ వెనుకదారిన ఉద్యోగమిప్పింతుమని లక్షలు అడిగినచో అది మోసమే. నిజమైన కంపెనీ ఉద్యోగి చేతినుండి డిపాజిట్టు పుచ్చుకొనదు. అట్లు డబ్బు పోగొట్టుకొనినవారు తక్షణమే 1930 నంబరునకు ఫోనుచేసి చెప్పవలెను. ఎంత త్వరగా తెలిపిన, ఖాతాలోని సొమ్మును నిలుపుటకు అంత అవకాశము.

దొంగ అనుభవ పత్రములు అమ్మువారు మరొక రకము. చేయని కొలువును చేసినట్లు వ్రాసినచో అది దాగదు. కొత్తకంపెనీ విచారించునపుడు భవిష్యనిధి ఖాతాయే ఎవరు ఎచ్చట ఏ తేదీనుండి ఏ తేదీవరకు పనిచేసిరో చూపును. పట్టుబడినవాడు కొత్త కొలువును, మంచిపేరును రెంటిని పోగొట్టుకొనును.

విదేశపు ఆశ అన్నిటికంటె ప్రమాదకరము. కంప్యూటరు ఉద్యోగమని చెప్పి మన యువకులను కాంబోడియా, మయన్మారు దేశములకు తరలించి, పాస్‌పోర్టులు లాగుకొని, సైబర్ మోసములు చేయుటకు నిర్బంధించిన ముఠాలు బయటపడినవి. అట్లు చిక్కినవారిని వందల సంఖ్యలో 2024, 2025 సంవత్సరములలో భారతప్రభుత్వము స్వదేశమునకు రప్పించవలసివచ్చినది. విదేశీ కొలువు పేరు చెప్పిన ఏజెంటునకు కేంద్రప్రభుత్వపు రిజిస్ట్రేషను కలదో లేదో ఈ-మైగ్రేట్ పోర్టలులో చూడవలెను. తెలంగాణమున టామ్‌కామ్ అను ప్రభుత్వ సంస్థ ఈ విషయమున తోడ్పడుచున్నది.

చేతికి తీసికొనవలసినవి

కొలువు విడుచునపుడు తగవుపెట్టుకొని తలుపు మూసికొని పోవుటవలన లాభము లేదు. రాజీనామాను వ్రాతమూలకముగా, తేదీతో, మర్యాదగా పంపవలెను. నోటీసు కాలమున పనిని సరిగా అప్పగింపవలెను. కంపెనీ ఫైళ్లను, ప్రోగ్రాములను, ఖాతాదారుల వివరములను వెంట తీసికొనిపోరాదు. అది వ్యాజ్యమునకు దారితీయును. తనకు చెందిన పత్రములను మాత్రము తప్పక తీసికొనవలెను. నియామక పత్రము, రాజీనామా అంగీకారము, రిలీవింగు లెటరు, అనుభవ పత్రము, చివరి మూడునెలల జీతపు చీటీలు, ఆదాయపుపన్ను ఫారం 16 — ఇవి అన్నియు ఒక కట్టగా దాచుకొనదగినవి.

ఇక రావలసిన డబ్బు. 2025 నవంబరు 21వ తేదీన నాలుగు కార్మిక స్మృతులు దేశమున అమలులోనికి వచ్చినవి. అందులోని వేతన స్మృతి ప్రకారము, ఉద్యోగి రాజీనామా చేసినను, తొలగింపబడినను, అతనికి రావలసిన వేతనమును రెండు పనిదినములలో చెల్లింపవలెను. చెల్లింపనిచో కార్మికశాఖ అధికారులకు వ్రాతపూర్వకముగా ఫిర్యాదు చేయవచ్చును.

ఐదేండ్లు ఎడతెగక పనిచేసినవారికి గ్రాట్యుటీ లభించును. ప్రతి సంవత్సరపు సేవకు పదునైదు దినముల వేతనము దీని లెక్క. నెలకు ఇరువదియారు పనిదినములుగా గణింతురు. గ్రాట్యుటీకి లెక్కించు నెలవేతనము 52,000 రూపాయలున్న ఉద్యోగికి పదునైదు దినములకు 30,000 రూపాయలగును. ఆరేండ్లు చేసినచో 1,80,000 రూపాయలు. ఐదేండ్లు నిండుటకు కొలది నెలలు మాత్రమే మిగిలియున్నవారు తేదీ లెక్కించుకొని కదలుట మంచిది. నిర్ణీతకాలపు ఒప్పందముపై పనిచేయువారికి కొత్త స్మృతి ననుసరించి ఒక సంవత్సరము పనిచేసినచో గ్రాట్యుటీ అర్హత కలుగును.

భవిష్యనిధిని తీసి ఖర్చుచేయక కొత్తకొలువు ఖాతాలోనికి మార్చుకొనవలెను. ఐదేండ్లు నిండకమునుపు తీసినచో పన్ను పడవచ్చును. పింఛను హక్కు కలుగుటకు పదేండ్ల సేవ కావలెను. మధ్యలో పింఛను సొమ్మును తీసివేసినచో ఆ సేవ లెక్కలోనికి రాదు. పాతకంపెనీ కొలువు విడిచిన తేదీని ఖాతాలో నమోదు చేయకున్నచో, చివరి జమనుండి రెండుమాసములు గడచిన పిమ్మట ఉద్యోగియే నమోదు చేసికొనవచ్చును. చిక్కులున్నచో హైదరాబాదు బర్కత్‌పురాలోని భవిష్యనిధి కార్యాలయమును ఆశ్రయింపవచ్చును.

తల్లిదండ్రులు గమనింపవలసిన మరొక విషయము కలదు. కంపెనీ ఇచ్చిన వైద్యబీమాలో తల్లిదండ్రుల పేర్లు చేర్చబడియున్నచో, కొలువు విడిచిననాటితో సాధారణముగా ఆ రక్షణ ముగియును. చేయించుకొనవలసిన శస్త్రచికిత్స ఏదైన ఉన్నచో ముందుగనే ఆలోచించి, వేరు బీమా ఏర్పాటు చేసికొనవలెను.

ఆడపిల్లల విషయము

వేధింపునకు గురియైన స్త్రీ నోరు మూసికొని కొలువు మాని రావలెనను నియమము ఎచ్చటను లేదు. 2013 నాటి చట్టము ప్రకారము పదిమంది లేక అంతకు మించి పనిచేయు ప్రతిచోటను, ఒక స్త్రీ అధ్యక్షతన అంతర్గత కమిటీ ఉండితీరవలెను. సంఘటన జరిగిన మూడుమాసములలో ఫిర్యాదు వ్రాసి ఇయ్యవలెను. విచారణ తొంబది దినములలో ముగియవలెను. విచారణ సాగుచుండగా బదిలీనో, సెలవునో కోరుటకు ఆమెకు హక్కు కలదు. పదిమంది కంటె తక్కువ ఉన్నచోట జిల్లా స్థానిక కమిటీకి చెప్పుకొనవచ్చును. పోలీసుశాఖవారి షీ టీములు 2014నుండి పనిచేయుచున్నవి. 181 నంబరున సహాయము దొరకును. న్యాయస్థానమునకు పోవలసివచ్చినచో స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేకుండ న్యాయసేవాధికార సంస్థ ఉచితముగా వకీలును ఏర్పరచును. దాని నంబరు 15100.

ఇంటివారి కర్తవ్యము

పట్టణమున ఒంటరిగా ఉన్న బిడ్డకు ఇంటినుండి వచ్చు మాట మిక్కిలి బలమైనది. “ఊరిలో ఏమనుకొందురో” అను మాట ఆ బిడ్డ నోటిని మూయును. అప్పటినుండి తన కష్టమును దాచుకొనును, అప్పుచేసి ఇంటికి జీతము పంపినట్లు పంపును, చివరకు మోసగాని మాటను నమ్మును. అట్లుగాక, ఇంటివారు నాలుగు ప్రశ్నలు అడిగిన చాలును: అచ్చట జరుగుచున్నదేమి? కొత్తచోటు చేతికి వచ్చినదా? పత్రములు తీసికొంటివా? కొన్ని నెలలు గడుపుటకు సొమ్ము కలదా? ఈ ప్రశ్నలలో మందలింపు లేదు. బిడ్డ తన ఆలోచనను తానే సరిదిద్దుకొనుటకు దారి కలదు. రెండునెలలు ఇంటికి డబ్బు రాకున్నను సర్దుకొందుమని ఒక్కమాట చెప్పినచో, తొందరపడి ఏదో ఒక చోట చేరవలసిన అవసరము అతనికి తప్పును.

మంచి రైతు చవుడుదేరిన నేలలో ఏటేట విత్తనము వృథా చేయడు. అట్లని చేతిలో వేరు చెలక లేకుండ ఉన్న పొలమును ఒక్క కోపపు దినమున వదలుకొనడు. కౌలు కాగితము చూచుకొని, పంట ఇంటికి చేర్చుకొని, అప్పుడు కదలును. హైటెక్ సిటీలోని మన పిల్లలకును ఆ తెలివియే కావలెను. వారు సెలవునకు ఇంటికి వచ్చినపుడు కొలువు పేరును, జీతపు మొత్తమును మాత్రమే అడిగి ఊరుకొనక, పని ఎట్లున్నదని, నిద్రపట్టుచున్నదా యని కూడ అడుగుడు.